దెబ్బల ఇన్‌స్పెక్టరు

జిల్లా పోలీసుల్లో ఆయన్ని ఎదురుగా ఉంటే సమాధానం గారూ అనేవాళ్ళు, అటు తిరిగితే దెబ్బల ఇన్‌స్పెక్టరు అనేవాళ్ళు. ఆ రెండో పేరు ఆయన చెవిన పడకపోలేదు. పడినా కోపం రాలేదు. కోపం, జాలి, ఉత్సాహం లాంటివి ఆయన గుమ్మం తొక్కడం మానేసి అప్పటికే చాలా కాలమైంది. అవి రావడం లేదన్న దిగులు కూడా ఆయనకు లేదు.

అసలు పేరు వెనక చిన్న కథ ఉంది. ఇందుకూరుపేట దగ్గర ఒక పల్లెలో ఆయన తండ్రి చర్చి ఉపదేశి. ఆ తండ్రికీ, తండ్రి అన్నకూ ఇంటి మధ్య గోడ దగ్గర తగువు వచ్చి ఏళ్ళ తరబడి మాటల్లేవు. ఈ పిల్లవాడు పుట్టాడని తెలిసిన రోజు పెదనాన్న బెల్లం ముక్క పట్టుకుని గడప దాటి లోపలికి వచ్చాడు. అన్నదమ్ములిద్దరూ పొయ్యి దగ్గర కూర్చుని ఏడ్చారు. చర్చి తెలుగులో సమాధానం అంటే శాంతి కాబట్టి బిడ్డకు ఆ పేరు ఖాయమైపోయింది. అతను పెరిగి పోలీసుల్లో చేరాక సర్కారుకు ఆ అర్థంతో పని లేకపోయింది. సర్కారు తెలుగులో సమాధానం అంటే పైవాళ్ళు అడిగినదానికి కిందివాళ్ళు రాసి పంపే జవాబు. ఇంట్లో పెట్టిన పేరు అదే, అర్థం మాత్రం ఆఫీసుది అయింది.

కొత్త రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు ఆయనకు ఒక విచిత్రమైన పని అప్పజెప్పారు. జిల్లాలో ఏ మూల పోలీసు లాఠీ లేచినా, ఏ లాకప్పులోంచి కేక వినపడిందని అర్జీ వచ్చినా, ఆ వెనకే సమాధానం వెళ్ళాలి. దెబ్బలు తిన్నవాణ్ణి చూడాలి. కొట్టినవాణ్ణి అడగాలి. కొట్టింది రూలు ప్రకారమా కాదా తేల్చి అభిప్రాయం రాయాలి. దొంగలతో పని లేదు, హంతకులతో పని లేదు. ఆయన పనంతా పోలీసులతోనే. అందుకే ఏ స్టేషనుకు వెళ్ళినా కాఫీ తొందరగా వచ్చేది, మాటలు మాత్రం నెమ్మదిగా వచ్చేవి.

అడగాల్సినవి నాలుగు ప్రశ్నలు. కొట్టే ముందు హెచ్చరించారా? తప్పుకోవడానికి జనానికి సందు ఇచ్చారా? నడుము కిందనే కొట్టారా? జనం వెనక్కి తిరిగాక ఆపారా? మంచి ప్రశ్నలే. ఎవరో తల ఉన్నవాళ్ళే రాసి ఉంటారు. కాని జిల్లాలో ప్రతి సబ్ ఇన్‌స్పెక్టరుకూ అవి కంఠతా వచ్చేశాయి. సమాధానం కుర్చీలో కూర్చునే లోపలే నాలుగుసార్లు ఔను సార్ అనేసేవాళ్ళు. ఒకాయనైతే ప్రశ్నలు వరస మార్చి అడిగినా పాత వరసలోనే జవాబులు చెప్పాడు, చిన్నపిల్లలు ఎక్కం ఒప్పజెప్పినట్టు.

ఆయన రిపోర్టు ఇంగ్లీషులో రాసేవాడు. అందులో 'మైల్డ్' అనే మాట తప్పకుండా వచ్చేది. పత్రికల వాళ్ళు దాన్ని 'స్వల్ప' అని అచ్చేసేవాళ్ళు. స్వల్ప లాఠీచార్జీ. అలా ఆ కొన్నేళ్ళలో నెల్లూరు సీమలో ఎంతోమందికి స్వల్పంగా తలలు పగిలాయి, స్వల్పంగా మోచేతులు విరిగాయి. మొదట్లో ఆ మాట రాసేటప్పుడు కలం ఒక్క క్షణం ఆగేది. తర్వాత ఆగడం మానేసింది.

ఆయన భార్య ఎలిశబెతు మిషన్ బళ్ళో టీచరు. గట్టి మనిషి. మొగుడు ఇలా అయిపోవడం ఆమె కళ్ళముందే జరిగింది గాని, ఫలానా రోజునుంచి అని చెప్పలేకపోయేది. ఒక ఆదివారం చేపల పులుసు దించుతుంటే గిన్నె జారి మండే పులుసు ఆమె చేతిమీద ఒలికింది. ఆమె కేక వేసింది. సమాధానం వచ్చాడు. చెయ్యి పట్టుకుని వెలుగులోకి తిప్పి చూశాడు.

"మణికట్టు నుంచి మూడంగుళాలు. తోలు చిట్లలేదు," అన్నాడు.

ఎలిశబెతు ముందు నవ్వింది. ఆయన హాస్యమాడాడు అనుకుంది పాపం. తర్వాత ఆయన ముఖం చూసి నవ్వు ఆపేసింది.

"నేను మీ భార్యనండీ. కేసును గాదు," అంది.

ఆయన వెళ్ళి కొబ్బరినూనె తెచ్చి రాశాడు. జాగ్రత్తగానే రాశాడు. పని చెయ్యడంలో ఆయన ఎప్పుడూ తక్కువ చెయ్యలేదు. ఆ పూట ఇద్దరూ పెరుగన్నం తిన్నారు.

దిబ్బపాలెం సంగతి అరవై రెండులో వచ్చింది.

మైపాడుకు కాస్త దక్షిణంగా, సరుగుడు తోపులు దాటాక, పెద్ద ఇసుకదిబ్బ కింద ఉండే పల్లె అది. సముద్రం మీద బతికే ఊరు. ఆ పక్క పల్లెవాళ్ళతో వీళ్ళకు పెద్దవల ఎవరు ఎక్కడ వెయ్యాలన్న తగువు. తెడ్లు పట్టుకుని ఒకళ్ళనొకళ్ళు తోసుకున్నారని కబురు వస్తే, కొట్లాట జరక్కుండా సబ్ ఇన్‌స్పెక్టరు పద్మనాభయ్య కొద్దిమంది కానిస్టేబుళ్ళతో వచ్చి ఒడ్డున మకాం పెట్టాడు. పద్మనాభయ్య చిన్నవాడు, చురుకైనవాడు, ఉదయగిరి వైపు మెట్ట ఊరివాడు. సముద్రాన్ని అంతకు ముందు చూసి ఎరగడు. అతని వెంట వచ్చినవాళ్ళూ ఇంచుమించు అంతే.

దిబ్బపాలెంలో పెద్దవల పద్ధతి ఒకటుంది. ఒడ్డున నిలబడితే చేపల గుంపు కనపడదు. దిబ్బ మీదనుంచే కనపడుతుంది. అందుకని పాలెం అంతటికీ ఒక మనిషి దిబ్బ మీద ఉంటాడు. పొద్దున్నే ఎక్కి సముద్రం కేసి చూస్తూ కూర్చోవడమే అతని పని. గుంపు కనపడితే తలగుడ్డ విప్పి ఊపుతూ ఒక్క కేక పెడతాడు. ఆ కేక వింటే పాలెంలో తినేవాడు తినే ముద్ద వదిలేస్తాడు. తెడ్లు, మోత కర్రలు, తాళ్ళు, ఏది చేతికందితే అది పట్టుకుని మగవాళ్ళంతా అరుచుకుంటూ ఒడ్డుకు పరిగెత్తుతారు. చేప ఆగదు కాబట్టి వాళ్ళూ ఆగరు. ఆ కేక ఉత్తినే పెట్టకూడదు. ఆటకు గాని, ఆపదకు గాని, కొట్లాటకు గాని పెట్టకూడదు. అది చేపకే. ఉత్తి కేక పెట్టినవాడిని పాలెం క్షమించదు.

ఆ మనిషి పేరు మాలకొండయ్య. ఆ రోజు అతను తలగుడ్డ ఊపాడు, కేక పెట్టాడు.

కింద ఒడ్డున నిలబడ్డ పద్మనాభయ్యకు కనపడిందేమిటి? దిబ్బ మీద ఒకడు గుడ్డ ఊపి సైగ చేశాడు. వెంటనే పల్లె పల్లెంతా కర్రలు పట్టుకుని అరుచుకుంటూ తన మీదకు దూకుతోంది. అతను చెయ్యెత్తి, ఆగకపోతే కొడతామని అరిచాడు. సముద్రపు గాలి ఆ మాటను అతని నోటి దగ్గరే లాగేసుకుంది. తర్వాత లాఠీలు లేచాయి. దిబ్బ మొదట్లో కాపలా ఉన్న రమణయ్య అనే కానిస్టేబులు పైకి ఎగబాకి, సైగ చేసినవాణ్ణి కొట్టాడు. మాలకొండయ్య తలకు తగిలింది. చాలామందికి చేతులూ కాళ్ళూ వాచాయి. దొరికినవాళ్ళను దొరికినట్టు పట్టుకుని అల్లరిమూక అని కేసు పెట్టారు. అందరికంటే ముందు పేరు మాలకొండయ్యది. కొట్లాటకు సైగ చేసి జనాన్ని ఉసిగొల్పాడని.

సమాధానం మొదట నెల్లూరు పెద్దాసుపత్రికి వెళ్ళాడు. మాలకొండయ్య కళ్ళ మీదుగా గుడ్డ కట్టి ఉంది. చూపు రాదని డాక్టరు బయటే చెప్పాడు. మంచం పక్కన నేలమీద అతని భార్య పేరమ్మ కూర్చుని ఉంది.

"గుడ్డ ఎందుకు ఊపినావు?" అని అడిగాడు సమాధానం.

"చేప ఉండింది సార్."

"పోలీసులు ఉండేది చూడలేదా?"

"చూసినా. చేప ఉండింది సార్."

ఇంకేం అడిగినా అదే మాట. నన్ను ఎందుకు కొట్టారని అనలేదు, నా చూపు వస్తుందా అని అడగలేదు. పేరమ్మ మాత్రం లేచి నిలబడింది.

"అయ్యా, ఆయన ఉత్తికేక పెట్టినాడని మీ కాయితంలో రాసినారంట. పాలెంలో సగం మంది నమ్మతా ఉండారు. కళ్ళు పోతే పోయినాయి. ఆ మాట తీసెయ్యండయ్యా," అంది.

సమాధానం తల ఊపాడు. తల ఊపడం ఆయనకు అలవాటు. కాని బయటికి వచ్చి రిక్షా ఎక్కాక, ఇంతకాలంలో తనను ఎవరూ ఇలాంటిది అడగలేదే అన్న సంగతి తట్టింది. కళ్ళ గురించి గాదు, మాట గురించి అడిగింది. వింతగా అనిపించింది. అంతే, అంతకు మించి ఏమీ అనిపించలేదు.

మరునాడు దిబ్బపాలెం చేరుకుని సరుగుడు నీడలో కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. పద్మనాభయ్య వచ్చి సెల్యూట్ కొట్టి నాలుగు ఔనులూ ఒప్పజెప్పాడు. కానిస్టేబుళ్ళు ఒక్కొక్కరే వచ్చి అవే నాలుగు ఒప్పజెప్పారు. రమణయ్య దగ్గరికి వచ్చేసరికి మూడో ప్రశ్న దగ్గర సమాధానం కలం ఆపాడు. రమణయ్యకు ఒకప్పుడు లాఠీ డ్రిల్లు నేర్పింది సమాధానమే.

"నడుము కిందనే కొట్టినావా?"

"ఔను సార్."

"మరి తలకెట్టా తగిలింది?"

రమణయ్య తన నడుం మీది బెల్టు తడుముకున్నాడు.

"ఆయన గుడ్డ ఊపి గొంతుకూర్చున్నాడు సార్, సముద్రం కల్లా చెయ్యి చూపిస్తా. నేను నిలబడుండా. నా నడుం కిందనే కొట్టినా సార్."

నడుము ఎవరిదో రూల్లో లేదు. కొట్టినవాడిదా, తిన్నవాడిదా అని ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు, నేర్పిన సమాధానం కూడా చెప్పలేదు. మామూలుగా అయితే ఆయన ఆ జవాబును అలాగే రాసుకుని నాలుగోదానికి వెళ్ళిపోయేవాడు. ఆ రోజు వెళ్ళలేదు. కుర్చీలోంచి లేచి, బూట్లలో ఇసుక దూరుతుంటే దిబ్బ ఎక్కాడు. పైన నిలబడి చూశాడు. కిందనుంచి ఒకటే రంగుగా ఉన్న సముద్రం పైనుంచి అలా లేదు. ఇక్కడ పచ్చన, అక్కడ మట్టి రంగు, ఇంకాస్త అవతల ముదురు నీలం. ఏ రంగుకు ఏ అర్థమో ఆయనకు తెలియదు. తెలిసినవాడు ఆసుపత్రిలో కళ్ళకు గుడ్డ కట్టుకుని ఉన్నాడు.

కిందికి దిగి అందరినీ మళ్ళీ ఒక్కొక్కరినే పిలిచి, ఎవరూ కంఠతా పట్టని ప్రశ్న ఒకటి అడిగాడు.

"ఆ పొద్దు సముద్రం ఎట్టా ఉండింది?"

పద్మనాభయ్య తికమకపడ్డాడు. "సముద్రమా సార్? సముద్రం లాగే ఉండింది," అన్నాడు. ఒకరు నీలం అన్నారు, ఒకరు తాను చూడలేదన్నారు. రమణయ్య మాత్రం సంబరంగా చెప్పాడు. ఔనుతో పని లేని ప్రశ్న వచ్చినందుకు అతనికి ప్రాణం లేచి వచ్చినట్టుంది.

"దిబ్బ మీదనుంచి చూస్తే ఒకచోట తారు పోసినట్టు నల్లగా ఉండింది సార్. అది కదలతా ఉండింది. దానిమీద తెల్లపిట్టలు పడతా లేస్తా, పడతా లేస్తా. ఏందబ్బా ఇది అనుకున్నా. ఆయన గూడా దానికల్లానే చెయ్యి చూపిస్తా ఉన్నాడు."

"నువ్వు కొట్టకముందే చూసినావా?"

"ముందే సార్," అన్నాడు రమణయ్య. అన్నాక అతని ముఖం నెమ్మదిగా పాలిపోయింది. తాను చెప్పిందేమిటో నోట్లోంచి బయటపడ్డాక గాని అతనికి అర్థం కాలేదు. సమాధానం అతని మాటలు అలాగే రాసుకుని వేలిముద్ర బదులు సంతకం పెట్టించుకున్నాడు. రమణయ్య చదువుకున్నవాడు మరి.

ఈసారి రిపోర్టులో 'మైల్డ్' లేదు. అది అల్లరిమూక కాదనీ, చేపకోసం పరిగెత్తిన జనమనీ, బలం వాడాల్సిన పనే లేదనీ రాశాడు. రాసి, ఇప్పుడు తనకు ఏదైనా అనిపిస్తుందేమోనని కాసేపు చూశాడు. ఏమీ అనిపించలేదు. కలం మూత పెట్టాడు.

పై అధికారి పిలిపించి కూర్చోమన్నాడు. మంచివాడే. అరవలేదు.

"ఇది పైకి పోతే ఆ చిన్నోడి ఉద్యోగం ఊడుద్ది. ఆ కానిస్టేబులు జైలుకి పోతాడు. చేప అనుకున్నామని రేపు ప్రతి గుంపూ అంటది. ఒక పని చేస్తాను. కేసు ఎత్తించేస్తాను. వాళ్ళందరూ ఇళ్ళకు పోతారు. మీ రిపోర్టు నా దగ్గర ఉంటది. జరిగిందేందో మనం బయట మాట్లాడం. అందరికీ మంచిది గదా?"

ఔను సార్, అన్నాడు సమాధానం. ఇన్నేళ్ళుగా ఇతరుల నోటి నుంచి వింటున్న మాటే తన నోటి నుంచి వచ్చింది. ఆ మాట అనడంలో ఆయనకు కష్టమూ లేదు, సుఖమూ లేదు. ఇంటికి వచ్చి స్నానం చేశాడు.

కేసు ఎత్తేశారు. వానలు వచ్చాయి, పోయాయి. ఒక సాయంత్రం పేరమ్మ వెతుక్కుంటూ ఆయన ఇంటికి వచ్చింది. ఎలిశబెతు ఆమెను వరండాలో కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. పేరమ్మ మజ్జిగ పక్కన పెట్టేసింది.

"అయ్యా, మమ్మల్ని వదిలిపెట్టినారు. బాగుండాది. కాని చేప ఉండిందో లేదో ఎవురూ చెప్పలా. వల పళ్ళేదు గదా, ఎవురికి తెలస్తది? జైల్లో ఉండొచ్చినోళ్ళు మా ఆయన్ని తిడతా ఉండారు. చేప లేకనే, పగబట్టి, కొట్లాటకి కేక పెట్టినాడంట. కాపు దురాయి పెట్టినాడయ్యా."

కాపు అంటే పాలెం పెద్ద. దురాయి అంటే అతను పెట్టే ఆన. ఆ ఆన ఒక ఇంటిమీద పడితే ఆ ఇంటివాళ్ళతో ఎవరూ మాట్లాడరు, నిప్పు ఇవ్వరు, పెద్దవలలో భాగం ఇవ్వరు. కళ్ళు లేని మాలకొండయ్య పొద్దున లేస్తే ఇంటి ముందు కూర్చుంటాడు. దారిన పోయే ప్రతివాడి అడుగుల చప్పుడూ గుర్తుపట్టగలడు. ఒక్కడూ పలకరించడు.

"మీరు ఇచారించినారు గదా. చేప ఉండిందా లేదా? మీ పేరే సమాధానం అంట గదయ్యా. ఒక్క మాట చెప్పండి," అంది పేరమ్మ.

సమాధానం ఆమె పక్కనున్న మజ్జిగ గ్లాసు కేసి చూశాడు. ఆ రిపోర్టు సంగతి బయట చెప్పకూడదు. చెప్తే పై అధికారికి ఇచ్చిన మాట పోతుంది, రమణయ్య మెడకు చుట్టుకుంటుంది, తన ఉద్యోగానికి కూడా మచ్చ వస్తుంది. అవన్నీ వరసగా ఆయన తలలోకి వచ్చాయి. పేరమ్మ చాలాసేపు ఎదురుచూసి, మజ్జిగ అలాగే వదిలేసి లేచి వెళ్ళిపోయింది.

ఎలిశబెతు ఆ గ్లాసు తీస్తూ అడిగింది. "ఉండిందా?"

"ఉండింది."

"మరి చెప్పడానికేం?"

"చెప్పకూడదు."

"మీ నాన్నకూ మీ పెదనాన్నకూ ఎవరో ఒకరు ముందు గడప దాటబట్టే గదా మీకా పేరు పెట్టింది," అంది ఎలిశబెతు. ఇంకేమీ అనలేదు. లోపలికి వెళ్ళిపోయింది. ఆమె చేతిమీద పులుసు పడిన మచ్చ ఇంకా పోలేదు.

ఆయన వెళ్ళాడు. చలికాలం మొదలవుతుండగా, ఒక పొద్దున యూనిఫారం వేసుకుని, చంకలో చేతికర్ర పెట్టుకుని, ఇందుకూరుపేట దాకా బస్సులో, అక్కడినుంచి సైకిలు మీద, చివరికి ఇసుకలో నడిచి దిబ్బపాలెం చేరాడు. ధైర్యం చేసి వెళ్ళాడని చెప్పలేను. వెళ్ళకుండా ఉండటం కంటే వెళ్ళడం కాస్త తేలిక అనిపించింది, అంతే.

కాపు పెంచలయ్య వలల పాక ముందు కూర్చుని ఉన్నాడు. పోలీసు టోపీ చూసి జనం చేరారు, ఎడంగా నిలబడ్డారు. మాలకొండయ్యను పేరమ్మ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. వాళ్ళిద్దరి చుట్టూ ఖాళీ ఉంది. ఎవరూ దగ్గరికి రాలేదు.

"కాపూ, ఆ పొద్దు చేప ఉండింది," అన్నాడు సమాధానం. గొంతు ఎత్తలేదు, దించలేదు. "దిబ్బ మీద మా కానిస్టేబులు కళ్ళారా చూసినాడు. నల్లగా కదలతా ఉండిందంట, మీద పిట్టలు పడతన్నాయంట. నేనే ఇచారించినాను. ఈ మనిషి ఉత్తికేక పెట్టలేదు."

ఎవరో ఒక ఆడమనిషి ఏడుపు మొదలుపెట్టింది. పెంచలయ్య లేచాడు. బొడ్డులోంచి తన ఆకూవక్కా తీసి, నడుచుకుంటూ వెళ్ళి మాలకొండయ్య చేతిలో పెట్టాడు. దురాయి పోయినట్టే. జైలుకు వెళ్ళొచ్చినవాడొకడు వచ్చి, 'అన్నా' అన్నాడు. పేరమ్మ ఇసుకలో కూలబడిపోయింది. సమాధానం చూస్తూ నిలబడ్డాడు. బూట్లలోకి ఇసుక పోయిందన్నది మాత్రం ఆయనకు తెలుస్తోంది.

మాలకొండయ్య ఆకు నమలలేదు. అరచేతిలో పెట్టుకుని, గొంతు వినపడ్డ దిక్కుకు తడుముకుంటూ వచ్చి ఇన్‌స్పెక్టరు పక్కన నిలబడ్డాడు.

"సార్, ఒక మాట అడగొచ్చునా?"

"అడుగు."

"చేప ఉండిందని ఆయన చూసినాడన్నారు గదా. చూసినాక గూడా నన్నెందుకు కొట్టినాడు?"

కోపంగా అడగలేదు. నిజంగా తెలియకే అడిగాడు. సమాధానం ఇన్నేళ్ళుగా కొట్టారా, ఎక్కడ కొట్టారు, ఎప్పుడు ఆపారు అని అడిగాడే గాని, ఎందుకు అని ఏ ఒక్కరినీ అడగలేదు. నాలుగు ప్రశ్నల్లో అది లేదు. రూలు లేని చోట వెతుక్కుని వెతుక్కుని, చివరికి తనకు దొరికింది చెప్పాడు.

"భయమేసింది, మాలకొండయ్యా. అందరూ ఒక్కసారిగా మీదకొస్తా ఉంటే వాళ్ళకి భయమేసింది."

మాలకొండయ్య ముఖం చిట్లించాడు. "భయమా? ఆ మాట మాకెవురూ చెప్పలా. కొడతామని అరిచినారంట. భయంగా ఉండాదని అరిచుంటే మేం ఆగేవోళ్ళం గదా సార్."

సరిగ్గా అప్పుడు దిబ్బ మీదనుంచి కేక వచ్చింది. మాలకొండయ్య స్థానంలో నిలబెట్టిన కొత్త మనిషి పైన తలగుడ్డ ఊపుతున్నాడు. పాలెం ఒక్కసారిగా లేచింది. ఏడుస్తున్నవాళ్ళు ఏడుపు ఆపేశారు. మగవాళ్ళు పాకలోకి దూకి తెడ్లు, మోత కర్రలు లాక్కుని, గొంతులు చించుకుని అరుస్తూ సముద్రం కేసి పరుగు తీశారు. ఆ దారిలో ఉన్నది సమాధానం. అందరి కళ్ళూ ఆయన వైపే ఉన్నట్టు, అన్ని కర్రలూ ఆయన మీదకే వస్తున్నట్టు అనిపించింది. వాళ్ళు చేపకు పోతున్నారని ఆయనకు తెలుసు. ఆ పాలెం బయటి మనుషుల్లో ఆ సంగతి అంత బాగా తెలిసినవాడు ఇంకొకడు లేడు. అయినా ఎన్నో ఏళ్ళ తర్వాత ఆయనకు ఏదో ఒకటి అనిపించింది, అది భయం. చంకలో ఉండాల్సిన చేతికర్ర ఎప్పుడు పైకి లేచిందో లేచింది. తల కంటే ఎత్తున, కొట్టడానికి సిద్ధంగా, తన చెయ్యే దాన్ని పట్టుకుని ఉండటం ఆయన చూశాడు.

జనం ఆయనకు అటూ ఇటూ చీలి, ఎవరూ ఆయన్ని ముట్టుకోకుండా, సముద్రంలోకి వెళ్ళిపోయారు.

చేతికర్ర అలాగే పైన ఉంది. పక్కన నిలబడ్డ మాలకొండయ్యకు అది కనపడదు. ఆయన ఊపిరి మాత్రం వినపడింది కాబోలు. తడిమి, ఆయన రెండో చెయ్యి పట్టుకున్నాడు.

"భయపడబాకండి సార్," అన్నాడు. "వాళ్ళు చేపకి పోతన్నారు."